ఓడ నార్మండీ వెళ్లింది, మరి ఆయన వెళ్లారా? (యూఎస్ఎస్ బేఫీల్డ్ గురించి అడిగినవారికి)

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ పక్కింటి పెద్దావిడ తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో యూఎస్ఎస్ బేఫీల్డ్ మీద పనిచేశారు. ఆయన పోయాక పెట్టెలో ఏపీఏ-33 (ఈ ఓడ నంబరు) అని కుట్టిన టోపీ, రెండు రిబ్బన్లు దొరికాయి. పసుపు రిబ్బన్ మీద రెండు చిన్న కంచు నక్షత్రాలు, ఆకుపచ్చ రిబ్బన్ మీద ఒకటి. నెట్‌లో ఓడ చరిత్ర చూస్తే నార్మండీ (ఉత్తర ఫ్రాన్స్ తీరం), దక్షిణ ఫ్రాన్స్, జపాన్ దీవులైన ఇవో జిమా, ఒకినావా, ఈ నాలుగు దాడులూ కనిపించాయి. నేవీ మస్టర్ రోల్స్‌లో (ఓడ సిబ్బంది పేర్ల పట్టీల్లో) మాత్రం ఆయన పేరు ఎంత వెతికినా లేదు. నాన్న నార్మండీలో ఉన్నారని ఆవిడ నమ్మకం. అది నిజమేనా, అసలు ఎటాక్ ట్రాన్స్‌పోర్ట్ అంటే ఏ రకం ఓడ అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఓడ నార్మండీలో ఉంది. ఆయన ఉన్నారో లేదో ఓడ చరిత్ర చెప్పదు. మీరు రాసిన నక్షత్రాల లెక్క నిజమైతే, పందెం కాయమంటే నేను దక్షిణ ఫ్రాన్స్ మీద కాస్తాను. ఇక పేరు దొరకకపోవడానికి కారణం చాలా మామూలుది. యుద్ధకాలంలో బేఫీల్డ్‌ను నడిపింది నేవీ సిబ్బంది కాదు, కోస్ట్ గార్డ్ అనే వేరే శాఖ సిబ్బంది. మీరు వేరే బీరువాలో వెతుకుతున్నారు, అంతే.

నేను మర్చంట్ నేవీలో డెక్ మీద పాతికేళ్లు పైన చేసి, చీఫ్ ఆఫీసర్‌గా ఉండగా మానేశాను. వైజాగ్‌లో ఉంటున్నాను. రిటైరయ్యాక ఈ పాత ఓడల లాగ్‌బుక్కులు చదవడం ఒక వ్యసనంగా పట్టుకుంది. అమెరికాలో ఉండే మనవాళ్లు పొరుగువాళ్ల కోసమో, వియ్యాలవారి కోసమో అడుగుతుంటే ఇప్పటికి ఓ ఇరవై కేసులు చూసి ఉంటాను. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఆ "ఎటాక్" సంగతి. ఆ మాట చూసి చాలామంది ఇది ఫిరంగులతో విరుచుకుపడే యుద్ధనౌక అనుకుంటారు. కాదు. బేఫీల్డ్ పుట్టింది సరుకు ఓడగా. 1943 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెస్టర్న్ పైప్ అండ్ స్టీల్ వాళ్ల యార్డులో నీళ్లలోకి దిగినప్పుడు దాని పేరు సీ బాస్, అంటే ఒక చేప పేరు. నేవీ తీసుకున్నాక విస్కాన్సిన్‌లోని ఒక కౌంటీ పేరు మీద బేఫీల్డ్ అయింది. బ్రూక్లిన్‌లో మార్పులు చేసి 1943 నవంబర్ 20న సర్వీసులోకి తీసుకున్నారు. మొదటి కెప్టెన్ లిండన్ స్పెన్సర్, కోస్ట్ గార్డ్ మనిషి. 492 అడుగుల పొడవు. తుపాకులు ఉన్నాయి గానీ అవి తన ఒళ్లు తాను కాపాడుకోవడానికి, ముఖ్యంగా విమానాల నుంచి. దాని అసలు ఆయుధం పక్కన వేలాడే బోట్లు. వెయ్యిమందికి పైగా సైనికులను, వాళ్ల జీపులను, మందుగుండును తీరానికి కొన్ని మైళ్ల దూరం దాకా తెచ్చి, అక్కడి నుంచి తన సొంత బోట్లలో శత్రువు ఒడ్డున దింపడం దాని పని. మామూలు ట్రూప్ షిప్‌కి రేవు కావాలి. దీనికి అక్కర్లేదు. అదీ తేడా. 1943 ఫిబ్రవరి 1న అమెరికన్ నేవీ ఇలాంటి ఓడలను విడదీసి ఏపీఏ అనే కొత్త వర్గంలో పెట్టింది.

మా వైజాగ్‌లో ఐఎన్ఎస్ జలాశ్వ అనే నేవీ ఓడ ఉంది కదా, అది అమెరికన్ నేవీలో ట్రెంటన్. 2007లో మన నేవీకి వచ్చింది. దాని వెనక తలుపు తెరిస్తే లోపలికి నీళ్లు వచ్చి, బోట్లు తేలుతూ బయటికి వెళ్లిపోతాయి. బేఫీల్డ్ కాలానికి ఈ సుఖం లేదు. ప్రతి బోటునూ డేవిట్ల (ఓడ అంచున బోట్లు వేలాడదీసే ఇనుప చేతుల) మీద నుంచో, క్రేన్ బూమ్ తోనో సముద్రంలోకి దించాలి. తర్వాత మనుషులు ఓడ పక్కన వేలాడే తాళ్ల వల పట్టుకుని దిగాలి. బోటు అంటే 36 అడుగుల ఎల్‌సీవీపీ. న్యూ ఆర్లియన్స్‌లో హిగ్గిన్స్ డిజైన్ చేసిన ప్లైవుడ్ బోటు, ముందు భాగం తలుపులా కిందికి పడుతుంది. 36 మంది సైనికులు, నడపడానికి నలుగురు.

ఆ వల దిగడం గురించి ఒక మాట. ఓడ చరిత్ర పేజీల్లో "దళాలను దించారు" అని రెండు ముక్కల్లో రాసి వదిలేస్తారు. వలలో నిలువు తాళ్లు, అడ్డ తాళ్లు రెండూ ఉంటాయి. చేతులతో నిలువు తాడునే పట్టుకోవాలి. అడ్డ తాడు పట్టుకుంటే పైవాడి బూటు మీ వేళ్ల మీద పడుతుంది. మేము పైలట్ లాడర్ (ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన) మీద కొత్త కుర్రాళ్లకు మొదట నేర్పేదీ అదే, మెట్టు పట్టుకోకు, పక్క తాడు పట్టుకో అని. కింద బోటు అలతో ఐదారడుగులు లేస్తుంది, పడుతుంది. పైకి లేచినప్పుడు కాలు పెట్టాలి. పడేటప్పుడు పెడితే మోకాలు పోతుంది. జారి ఓడకీ బోటుకీ మధ్య పడితే ఇక చెప్పేదేం లేదు. ఒకసారి నేను చేసిన ఓడలో లైఫ్‌బోట్ డ్రిల్‌లో, పెద్ద అలలేమీ లేని రోజునే, హుక్కు విడిపోగానే ఇనుప బ్లాకు ఊగి మా బోసన్ (డెక్ పనివాళ్ల పెద్ద) భుజానికి తగిలింది. పట్టపగలు, తొందర లేదు, ఎవడూ కాల్చడం లేదు. అయినా ఎముక విరిగింది. చీకట్లో, వీపున బరువుతో ఆ పని చేసిన కుర్రాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో అదోలా ఉంటుంది.

లోడింగ్ కూడా వేరు. సరుకు ఓడలో అంగుళం ఖాళీ వదలకుండా నింపితే మంచి ఆఫీసర్ అంటారు. ఇక్కడ అలా నింపితే మనుషులు చస్తారు. ఇల్లు మారేటప్పుడు ముందు కావాల్సిన గ్యాస్ పొయ్యి లారీలో చివర ఎక్కిస్తాం చూడండి, అదే లెక్క. ఒడ్డున మొదట కావాల్సింది హోల్డులో (సరుకు గదిలో) అన్నిటికన్నా పైన ఉండాలి. దానికోసం సగం జాగా వృథా అయినా సరే.

ఇప్పుడు నార్మండీ. బేఫీల్డ్ 1944 మొదట్లో బ్రిటన్ చేరింది. రియర్ అడ్మిరల్ డాన్ మూన్ దాన్ని తన ఫ్లాగ్‌షిప్ (అడ్మిరల్ ఉండి దళాన్ని నడిపించే ఓడ) చేసుకున్నారు. నార్మండీలో యూటా అని పేరు పెట్టిన బీచ్ మీదికి వెళ్లే నౌకాదళమంతా ఆయన చేతి కింద. ఏప్రిల్ 28 తెల్లవారుజామున, స్లాప్టన్ సాండ్స్ దగ్గర జరుగుతున్న రిహార్సల్‌లో జర్మన్ ఈ-బోట్లు (వేగంగా పోయే టార్పెడో పడవలు) చొరబడి రెండు ఎల్ఎస్టీ ఓడలను (ట్యాంకులను ఒడ్డున దింపేవి) ముంచేశాయి, మూడోదాన్ని దెబ్బతీశాయి. ఎక్కువగా చెప్పే లెక్క ప్రకారం 749 మంది పోయారు. విషయం అప్పట్లో గుట్టుగా ఉంచారు. అసలు రోజున, జూన్ 6న, యూటా బీచ్ మీద నాలుగో ఇన్‌ఫాంట్రీ డివిజన్‌కు అయిన నష్టం 200 మంది లోపే అని చెబుతారు. అంటే రిహార్సలే ఎక్కువమందిని తిన్నది. ఆవిడ నాన్నగారు ఏప్రిల్‌లో ఓడ మీద ఉండి ఉంటే ఆ రాత్రి గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడి ఉండరు. నోరు విప్పొద్దని గట్టిగా చెప్పారు వాళ్లకు.

జూన్ 6న తెల్లవారకముందే బేఫీల్డ్ తీరానికి దాదాపు 11 మైళ్ల దూరంలో లంగరు వేసింది. జర్మన్ తీర ఫిరంగుల వల్ల అంతకన్నా దగ్గరికి పోలేరు. అందుకే బోట్లలో గంటల తరబడి ప్రయాణం, చాలామందికి వాంతులు. ఆరున్నరకు మొదటి బోట్లు ఒడ్డు తాకాయి, అనుకున్న చోటికి మైలు పైన దక్షిణంగా. ప్రవాహం పక్కకు లాగింది, పొగ కమ్మింది, దారి చూపాల్సిన కంట్రోల్ బోట్లు కొన్ని మునిగాయి. ఆ తప్పుడు చోట కాపలా పలచగా ఉండటం అదృష్టం. తర్వాత జూన్ 25 దాకా బేఫీల్డ్ అక్కడే ఉంది, ఫ్లాగ్‌షిప్‌గా, సరుకుల ఓడగా, గాయపడ్డవాళ్లకు ఆస్పత్రిగా. ఇది గుర్తుపెట్టుకోండి, "నార్మండీ" అంటే ఒక్క రోజు కాదు. జూన్ 15న ఓడ ఎక్కినవాడు కూడా అబద్ధం చెప్పకుండా నార్మండీలో ఉన్నానని అనొచ్చు.

బేస్‌బాల్ తెలిసినవాళ్ల కోసం ఒకటి చెప్పాలి. తర్వాత యాంకీస్ జట్టులో పేరు తెచ్చుకున్న యోగి బెర్రా ఆ ఉదయం బేఫీల్డ్ నుంచి దిగిన 36 అడుగుల రాకెట్ బోటులో గన్నర్, వయసు 19. ఆయన నేవీ మనిషి, ఓడ సిబ్బంది కోస్ట్ గార్డ్. ఒకే ఓడ మీద రెండు శాఖలవాళ్లు, రెండు రకాల రికార్డులు. మీ చిక్కు కూడా సరిగ్గా ఇదే.

అడ్మిరల్ మూన్ కథ విషాదం. నార్మండీ అయ్యీ అవకుండానే దక్షిణ ఫ్రాన్స్ దాడికి సిద్ధం కమ్మన్నారు. ఓడ నేపుల్స్‌లో ఉంది. మనిషికి నిద్ర లేదు, తన దళం ఇంకా తయారు కాలేదు, తేదీ వాయిదా వేయమని పైఅధికారి హెవిట్‌ను అడిగారు. మర్నాడు, 1944 ఆగస్టు 5న, బేఫీల్డ్ మీదే ప్రాణం తీసుకున్నారు. దాడికి అప్పటికి పది రోజులు. ఆయన స్థానంలో రియర్ అడ్మిరల్ స్పెన్సర్ లూయిస్ వచ్చారు. ఆగస్టు 15న ఫ్రెజూస్ దగ్గర ఒక బీచ్‌లో ప్రతిఘటన గట్టిగా ఉందని చూసి, దళాలను పక్క బీచ్‌కు మళ్లించింది ఆయనే. చాలామంది దక్షిణ ఫ్రాన్స్‌ను నార్మండీకి తోకలా చూస్తారు. నాకు మాత్రం బేఫీల్డ్ జీవితంలో అన్నిటికన్నా బరువైన రెండు వారాలు అవే అనిపిస్తుంది. ఆ కుర్రాళ్లు తమ అడ్మిరల్ పోయిన ఓడ మీద ఉండే దాడికి వెళ్లారు మరి.

ఆ తర్వాత పసిఫిక్. 1945 ఫిబ్రవరి 19న ఇవో జిమా, నాలుగో మెరైన్ డివిజన్‌తో. అక్కడి ఒడ్డు నల్లటి అగ్నిపర్వత బూడిద, నిటారుగా లేస్తుంది. బోటు ముక్కు ఆనగానే వెనక నుంచి వచ్చే అల దాన్ని అడ్డంగా తిప్పేస్తుంది. అడ్డం తిరిగిన బోటులో నీళ్లు నిండుతాయి, వెనక వచ్చే బోటుకు అదే అడ్డు. సినిమాల్లో జెండా చూపిస్తారు గానీ, బోటు నడిపేవాళ్లకు ఆ తీరం ఒక పీడకల. ఏప్రిల్ 1న ఒకినావా. అక్కడ బేఫీల్డ్ పని ఉత్తుత్తి దాడి. రెండో మెరైన్ డివిజన్ ద్వీపం ఆగ్నేయం వైపు దిగబోతున్నట్టు నటించి వెనక్కి వచ్చేయాలి. విచిత్రం చూడండి, నిజంగా దిగిన చోట మొదట్లో పెద్ద ప్రతిఘటనే లేదు. నటించడానికి వెళ్లిన గుంపులో హిన్స్‌డేల్ అనే ఎటాక్ ట్రాన్స్‌పోర్ట్‌ను, ఎల్ఎస్టీ-884ను తెల్లారేసరికి కమికాజీలు (జపాన్ ఆత్మాహుతి విమానాలు) గుద్దాయి. అందుకే "వాళ్లు ఒకినావాలో దిగలేదట కదా, అంటే ఏమీ జరగలేదా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

యుద్ధం తర్వాత సంగతి మీకు పెద్దగా అవసరం లేదు. కొరియాకు వెళ్లింది, 1965 ఆగస్టులో వియత్నాంలో ఆపరేషన్ స్టార్‌లైట్‌లో మెరైన్లను మోసింది, 1968లో సర్వీసు ముగిసింది, మరుసటి ఏడు తుక్కుకు అమ్మేశారు. తుక్కు యార్డులు చూసినవాణ్ని కాబట్టి ఆ చివరి వాక్యం ఎప్పుడూ త్వరగా చదివేస్తాను.

ఇక మీ నక్షత్రాలు. ఆకుపచ్చ, గోధుమ రంగు రిబ్బన్ యూరప్ యుద్ధరంగానిది. పసుపుది పసిఫిక్‌ది. ఒక్కో దాడికి ఒక్కో నక్షత్రం. బేఫీల్డ్‌కి రెండో యుద్ధంలో నాలుగు, యూరప్‌వి రెండు, పసిఫిక్‌వి రెండు. ఆయనకు పసుపు మీద రెండూ ఉన్నాయి, ఆకుపచ్చ మీద ఒకటే. అంటే యూరప్ దాడుల్లో ఒకదానికి ఆయన ఓడ మీద లేరు. చివరి రెండింటికీ ఉన్నారు కాబట్టి, మధ్యలో ఎక్కారనుకోవడమే సులువైన లెక్క. జూన్ చివరికీ ఆగస్టు మొదటికీ మధ్య కొత్తగా వచ్చి ఉంటారు. అయితే ఇది తేల్చి చెప్పే సాక్ష్యం కాదు. నార్మండీలో ఉండి, ఆగస్టులో ఆస్పత్రిలో ఉండి, మళ్లీ వచ్చి ఉండొచ్చు. నక్షత్రం ఊడిపోయి ఉండొచ్చు కూడా. రిబ్బన్ మీద రెండో పిన్ను గుచ్చిన రంధ్రాలు ఉన్నాయేమో భూతద్దం పెట్టి చూడమనండి. టోపీని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అలాంటి కుట్టు టోపీలు చాలావరకు దశాబ్దాల తర్వాత పాత సిబ్బంది కలుసుకున్నప్పుడు చేయించుకున్నవి.

ఒహాయోలో ఉండే మన డాక్టరుగారు ఒకాయన తన పేషెంట్ కోసం ఇలాగే అడిగారు. వేరే ఓడ, అదే కథ. నార్మండీ అని కుటుంబమంతా నమ్మింది. కాగితాలు తెప్పిస్తే ఆ పెద్దాయన ఓడ ఎక్కింది సెప్టెంబర్‌లో. కొడుకు డాక్టరుగారి మీద అలిగి నెల్లాళ్లు మాట్లాడలేదట. తర్వాత తెలిసింది, పెద్దాయన ఎప్పుడూ "మా ఓడ నార్మండీ వెళ్లింది" అనే అనేవారు. "నేను వెళ్లాను" అని అనలేదు. విన్నవాళ్లు కలుపుకున్నారు. కాబట్టి ఆవిడతో మాట్లాడేటప్పుడు నిదానంగా చెప్పండి. కాగితం చేతికి రాకముందు నా పందెం సంగతి అసలు ఎత్తకండి.

ఎక్కడ వెతకాలో చెప్తాను. నెట్‌లో దొరికే నేవీ మస్టర్ రోల్స్‌లో కోస్ట్ గార్డ్ వాళ్లు ఉండరు. కోస్ట్ గార్డ్ కాగితాలు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 26 కింద వేరే ఉంటాయి. ముందు ఆయన యూనిఫాం ఫొటో ఉంటే చూడండి, చొక్కా చేతి మీద మోచేతి కింద చిన్న డాలు గుర్తు ఉంటే కోస్ట్ గార్డే. అన్నిటికన్నా ముఖ్యం ఆయన వ్యక్తిగత సర్వీస్ ఫైలు. సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌కు ఎస్ఎఫ్-180 అనే ఫారం పెట్టాలి, కూతురు కాబట్టి ఆవిడే పెట్టొచ్చు. "1973లో అక్కడ అన్నీ తగలబడిపోయాయి" అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. తగలబడింది ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఫైళ్లు. నేవీ, మెరైన్, కోస్ట్ గార్డ్ ఫైళ్లకు ఆ మంటల్లో ఏమీ కాలేదు. ఈ ఒక్క అపోహ వల్ల దరఖాస్తే పెట్టకుండా ఊరుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

ఫైల్లో ఓడ ఎక్కిన తేదీ, దిగిన తేదీ ఉంటాయి. ఆ రెండు తేదీలు చేతికొచ్చాక ఓడ వార్ డైరీ తీయండి, నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లో యుద్ధకాలపు డైరీలు చాలా స్కాన్ చేసి పెట్టారు. డైరీ నెలవారీ కథ. డెక్ లాగ్ నాలుగేసి గంటల వాచీల (డ్యూటీ వంతుల) లెక్క, ఎన్నింటికి లంగరు వేశారు, ఎన్నింటికి బోట్లు దించారు అని. వాటిలో మామూలు నావికుల పేర్లు వెతక్కండి, అరుదు. ఎవడైనా గాయపడితేనో, శిక్ష పడితేనో తప్ప పేరు రాయరు. నేను రాసిన లాగ్‌బుక్కుల్లో నా వాచీలో నిలబడ్డ కుర్రాళ్ల పేర్లు పట్టుమని పది ఉండవు.

చివరగా ఒకటి. ఆ పెట్టె అడుగున, ఫొటోల వెనక, రంగురంగుల డ్రాగన్ బొమ్మ ఉన్న సర్టిఫికెట్టో చిన్న కార్డో ఉందేమో చూడమనండి. పసిఫిక్‌లో తేదీ రేఖ మొదటిసారి దాటిన నావికులకు సరదాగా "గోల్డెన్ డ్రాగన్" అని ఇచ్చేవాళ్లు. ఇవో జిమాకు వెళ్లాలంటే బేఫీల్డ్ ఆ రేఖ దాటాలి. అలాంటి కార్డు మీద మామూలుగా ఓడ పేరు, తేదీ, కెప్టెన్ సంతకం ఉంటాయి. యుద్ధ రహస్యం అని కొన్నిసార్లు తేదీ మసక చేసేవాళ్లు గానీ, సంతకం ఎవరిదో చూస్తే ఆ కెప్టెన్ ఉన్న కాలాన్ని బట్టి సుమారుగా ఎప్పటిదో పట్టుకోవచ్చు. దొరికితే ముందు వెనక రెండు వైపులా ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, చూస్తాను.